ముందు పోయే ముక్క

ఆరిపోయిన ఎల్‌ఈడీ బల్బును గుడ్డలో పట్టుకుని, పైనున్న తెల్ల ప్లాస్టిక్ బుడ్డిని గట్టిగా మెలితిప్పితే టప్పున ఊడి వస్తుంది. లోపల రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దదైన అల్యూమినియం పలక. దాని మీద బియ్యపుగింజ కన్నా చిన్న పసుపు చుక్కలు పదో పన్నెండో. కళ్లు దగ్గర పెట్టి చూస్తే వాటిలో ఒకదాని నడుమ సూదిమొనంత నల్ల మచ్చ కనబడుతుంది. కాలింది ఆ ఒక్కటే. మిగిలినవన్నీ బాగానే ఉంటాయి. కానీ దండలో పూసల్లా అన్నింటినీ వరసగా గుచ్చారు కాబట్టి, ఒకటి తెగితే కరెంటు దారి తెగి బల్బు మొత్తం చీకటవుతుంది.

నల్ల మచ్చ ఎక్కడా లేకపోతే పలక కింద వెతకాలి. అక్కడ వేలెడంత సర్క్యూటు, దాని మీద నిలబడిన చిన్న డబ్బాలాంటి కెపాసిటర్ ఉంటాయి. దాని నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బి ఉంటే లోపలి ద్రవం ఆవిరైపోయిందని అర్థం. కొన్ని రూపాయల ముక్క అది. దానితో పాటు బాగున్న పలక, మూత, పిడి అన్నీ చెత్తబుట్టలోకి వెళతాయి.

మహానంది సత్రం గదిలో వెలిగే బల్బు పోయినా, నంద్యాల ఇంట్లో వెలిగే బల్బు పోయినా జరిగేది ఇదే. బల్బు ఒక్కటే కాదు, ఫ్యాను, మిక్సీ, ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషీన్ దేన్ని తీసుకున్నా ముందు పోయే ముక్క ఒకటి ఉంటుంది. ఏ ఇంజినీరూ దాన్ని పూర్తిగా తప్పించలేడు. అన్ని భాగాలూ ఒకే రోజు అరిగిపోయే యంత్రం ఎక్కడా లేదు. తేలవలసిన సంగతి వేరే ఉంది. ఆ ముక్క ఏదో కొన్నవాళ్లకు తెలుసా? అది విడిగా దొరుకుతుందా? దాన్ని చేరుకోవడానికి దారి ఉంచారా, మూసేశారా?

పాతిక వేల గంటల లెక్క

ఎల్‌ఈడీ బల్బు పెట్టె మీద 25,000 గంటలు అని రాసి ఉంటుంది. రోజుకు ఆరు గంటలు వెలిగిస్తే పదకొండేళ్లు దాటాలి. ఆ అంకె అబద్ధమని చెప్పలేం. అయితే అది దేని వయసో తెలుసుకోవాలి. ఎల్‌ఈడీ చుక్కల వెలుగు మొదటి రోజుతో పోలిస్తే 70 శాతానికి పడిపోవడానికి పట్టే కాలాన్ని ఈ పరిశ్రమ ఆయుష్షుగా లెక్కపెడుతుంది. అది చుక్కల వయసు. కింద కూర్చున్న కెపాసిటర్ వయసు అందులోకి రాదు.

కెపాసిటర్‌కు ఒక లెక్క ఉంది. లోపల ద్రవం ఉండే ఈ రకం కెపాసిటర్ల వయసు, వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాదాపు సగమవుతుంది. 10 డిగ్రీలు తగ్గితే రెట్టింపవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేస్తుందని ముద్ర వేసిన చవక రకాన్ని తీసుకుందాం. బల్బు పొట్టలో వేడి గది వేడి కన్నా 50 డిగ్రీలు ఎక్కువనుకుందాం. ప్రయోగశాలలో ఉన్నట్టు గది 25 డిగ్రీలుంటే కెపాసిటర్ 75 డిగ్రీల దగ్గర 16,000 గంటలు బతుకుతుంది. గది 35 డిగ్రీలుంటే 8,000 గంటలే. రోజుకు పది గంటలు వెలిగే వరండా బల్బుకు అది రెండేళ్ల పైచిలుకు. మూసి ఉన్న గాజు గోళంలో బిగిస్తే ఇంకా తక్కువ.

నంద్యాల చుట్టుపక్కల ఎండాకాలం రాత్రి పదింటికి కూడా మిద్దె ఇంట్లో గది 35 డిగ్రీలుండటం వింత కాదు. 2024 మే నెలలో ఈ జిల్లాలో పగటి వేడి 46 డిగ్రీలు దాటింది. పెట్టె మీది అంకె మాత్రం కర్నూలుకూ, ఊటీకీ ఒకటే.

ధర కూడా ఈ లెక్కలో భాగమే. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు. 2014లో 310 రూపాయలకు కొన్న బల్బును ప్రభుత్వ సంస్థ రెండేళ్లు తిరిగేసరికి 38 రూపాయలకు కొనగలిగింది. కరెంటు బిల్లు తగ్గింది, మారుమూల పల్లెలోనూ వెలుగు పెరిగింది. దాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. ఆ బల్బులకు మూడేళ్ల గ్యారంటీ కూడా ఇచ్చారు. కానీ బజారులో ఇంకా చవగ్గా అమ్మాలని పోటీపడేవాళ్లు ముందుగా చేయి పెట్టేది వేడిని లాగేసే అల్యూమినియం మందం మీద, కెపాసిటర్ రకం మీద. రెండూ కొనేవాళ్ల కంటికి కనబడవు.

జెనీవాలో ఒక ఒప్పందం

వస్తువు వయసును కావాలని కుదించడం కట్టుకథ కాదని చూపించే దస్తావేజులు ఉన్నాయి. అవి కూడా బల్బువే. 1924లో ఓస్రామ్, ఫిలిప్స్ వంటి పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో కూడి ఫీబస్ అనే కూటమి పెట్టుకున్నాయి. మార్కెట్లను పంచుకోవడంతో పాటు, బల్బు 1,000 గంటలకు మించి వెలగకూడదని నియమం పెట్టుకున్నాయి. అంతకు ముందు 1,500 నుంచి 2,000 గంటలు వెలిగే బల్బులు మామూలుగానే దొరికేవి. సభ్య కంపెనీలు తమ బల్బుల నమూనాలు పరీక్షకు పంపాలి. బల్బు మరీ ఎక్కువ కాలం వెలిగితే కంపెనీ జరిమానా కట్టాలి. 1926లో సగటున 1,800 గంటలుండే వయసు 1933-34 నాటికి 1,205 గంటలకు దిగింది. రెండో ప్రపంచ యుద్ధంతో కూటమి చెదిరిపోయింది.

కంపెనీల తరఫు వాదన కూడా వినాలి. టంగ్‌స్టన్ తీగ ఎంత వేడెక్కితే అంత తెల్లని వెలుగిస్తుంది, అంత త్వరగా కాలిపోతుంది. ఎక్కువ కాలం మన్నే బల్బు అదే కరెంటుకు తక్కువ వెలుగిస్తుంది. అమెరికాలో లివర్మోర్ అనే ఊరి అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి వెలుగుతున్న బల్బును అందరూ ఉదాహరణగా చెబుతారు. ఇప్పుడు దాని వెలుగు సుమారు 4 వాట్ల బల్బు వెలుగంత. దాని కింద కూర్చుని పేపరు చదవలేం. కాబట్టి 1,000 గంటలనే అంకెలో కొంత భౌతికశాస్త్రం ఉంది. జరిమానాలో మాత్రం భౌతికశాస్త్రం లేదు.

1932లో మహా మాంద్యం నడుమ న్యూయార్క్‌లో బెర్నార్డ్ లండన్ అనే ఆయన ఒక చిన్న పుస్తకం వేశాడు. వస్తువులకు ప్రభుత్వమే చావు తేదీ నిర్ణయించాలని, ఆ తేదీ తర్వాత వాటిని ఉంచుకున్న వాళ్ల మీద పన్ను వేయాలని, అప్పుడు ఫ్యాక్టరీలు తిరుగుతాయని, మాంద్యం పోతుందని అందులో వాదించాడు. ఏ ప్రభుత్వమూ ఆ పని చేయలేదు. అయినా ప్రణాళిక ప్రకారం పాతబడటం అన్న మాట లోకానికి అలవాటయ్యింది. 1960లో వాన్స్ ప్యాకర్డ్ రాసిన పుస్తకంతో అది సామాన్య పాఠకుల నోట్లోకి వచ్చింది.

నిజంగా వయసు తగ్గిందా?

"మా అమ్మకిచ్చిన ఫ్రిజ్ ముప్పై ఏళ్లు నడిచింది" అనే మాట ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది. అయిదేళ్లకే మూలబడిన పాత ఫ్రిజ్‌లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి, జ్ఞాపకాన్ని పక్కనబెట్టి లెక్కలు చూడాలి.

జర్మనీ పర్యావరణ సంస్థ చేయించిన అధ్యయనం 2016లో వెలువడింది. కొన్న అయిదేళ్లలోపే చెడిపోయి మార్చాల్సి వచ్చిన పెద్ద గృహోపకరణాల వాటా 2004లో 3.5 శాతం, 2012లో 8.3 శాతం. అదే అధ్యయనం ఇంకో సంగతి కూడా చెప్పింది. మార్చిన పెద్ద ఉపకరణాల్లో దాదాపు మూడో వంతు అప్పటికింకా పనిచేస్తూనే ఉన్నాయి, కొత్తది కావాలనిపించి మార్చారు. నార్వే పరిశోధకులు దశాబ్దాల అమ్మకాలు, వాడకాల లెక్కలు తీస్తే చాలా ఉపకరణాల వయసు పెద్దగా మారలేదని తేలింది. వాషింగ్ మెషీన్లది మాత్రం సుమారు 19 ఏళ్ల నుంచి 11 ఏళ్లకు దిగింది, ఓవెన్లది 24 నుంచి 14కు. వాషింగ్ మెషీన్ల విషయంలో ఇప్పుడు జనం బట్టలు ఎక్కువసార్లు ఉతకడం కూడా ఒక కారణం.

అంటే అన్ని వస్తువులనూ కావాలనే పాడుచేస్తున్నారనడం సరికాదు, ఏమీ మారలేదనడమూ సరికాదు. ధర తగ్గించే ఒత్తిడి, లోపల పెరిగిన ఎలక్ట్రానిక్సు, కొనేవాళ్ల తొందర కలిసి పనిచేస్తున్నాయి. వీటన్నిటి కన్నా స్పష్టంగా కంటికి కనబడే మార్పు ఒకటుంది. యంత్రాలు మూసుకుపోయాయి.

రోలు, మిక్సీ, కప్లర్

రాయలసీమ వంటిళ్లలో కరెంటు లేని కాలంలో నూరడానికి రోలు, విసరడానికి తిరగలి ఉండేవి. వాటికీ ముందు పోయే భాగం ఉంది, అది గరుకు. ఏళ్ల తరబడి నూరగా రాయి నున్నబడి, పచ్చడి మెదగడం మానుతుంది. అప్పుడు వీధిలోకి ఉలి, సుత్తి పట్టుకుని "రోళ్లకు గంట్లు పెడతాం" అంటూ వచ్చేవాళ్లు. గంట కూర్చుని గంట్లు పెట్టిపోతే మళ్లీ కొన్నేళ్లు బెంగ లేదు. పోయే భాగం పైనే ఉంది, బాగుచేసే మనిషి గడపలోకే వచ్చేవాడు.

మిక్సీ కథ 1960ల మొదట్లో మొదలైంది. బొంబాయిలో ఒక జర్మన్ కంపెనీలో పనిచేసే ఇంజినీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో విదేశీ మిక్సీ కాలిపోయింది. కేకుల పిండి కలపడానికి చేసిన మోటారు మన పప్పులను, ఎండు దినుసులను తట్టుకోలేకపోయింది. భార్య మాధురి పట్టుపట్టగా మాథుర్ మన వంటకు తగిన బలమైన మోటారుతో తయారుచేసినదే సుమీత్ మిక్సీ. దక్షిణాది వంటిళ్లను కొన్ని దశాబ్దాలు అది ఏలింది.

మిక్సీలో జారు కూర్చునే చోట పళ్లున్న చిన్న చక్రం ఉంటుంది. దాని పేరు కప్లర్. ఏదైనా గట్టిది అడ్డుపడి బ్లేడు బిగుసుకుపోతే ముందు ఈ కప్లర్ పళ్లు విరుగుతాయి. మోటారు కాలకుండా తాను పోవడానికే దాన్ని మెత్తగా చేశారు. ఇదీ కావాలని పెట్టిన బలహీనతే. కానీ మరచుట్టు తిప్పి దాన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఏ ఊరి అంగట్లోనైనా చవగ్గా దొరుకుతుంది. కార్బన్ బ్రష్‌లూ అంతే. బలహీనమైన ముక్క ఉండటం తప్పు కాదనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం వంటింట్లో లేదు.

ఇప్పుడు ఫ్రిజ్ దగ్గరికి వద్దాం. కడప సీమలోని నందలూరులో ఒకప్పుడు ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ ఉండేది. 1942లో నిజాం ఏలుబడిలో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థది ఆ ఫ్యాక్టరీ. 1990ల్లో ఆల్విన్ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి వెళ్లింది, తర్వాత నందలూరు ఫ్యాక్టరీ మూతపడింది. ఫ్యాక్టరీ పోయినా ఆ ఫ్రిజ్‌లు ఇళ్లలో ఏళ్ల తరబడి పనిచేశాయి. ఆ కాలపు ఫ్రిజ్ వెనక నల్లటి ఇనుప జాలీలా కూలింగ్ గొట్టాలు బయటికే ఉండేవి. గ్యాస్ కారితే సబ్బు నురుగు రాసి, బుడగ వచ్చిన చోట టాంకా వేసి, మళ్లీ గ్యాస్ నింపేవారు. రిలే, థర్మోస్టాట్ ఏ కంపెనీవైనా సరిపోయేవి. తయారుచేసినవాడు లేకపోయినా బాగుచేసేవాడు మిగిలాడు.

ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి ఆ గొట్టాలు గోడల నురుగులో కప్పబడి ఉంటాయి. చూడటానికి బాగుంటుంది, గోడకు ఆనించుకోవచ్చు, కరెంటు తక్కువ కాలుతుంది. కానీ నురుగులో గొట్టం కారితే గోడను చీల్చకుండా చేరుకోలేం. ముందు నుంచి బట్టలు వేసే వాషింగ్ మెషీన్లలో కొన్నింటికి డ్రమ్ము చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొట్టిని బోల్టులతో బిగించకుండా అతికేశారు. లోపలి బేరింగు పోతే తొట్టి మొత్తం మార్చాలి, ఆ ఖర్చు కొత్త మెషీన్ ధర వైపు పరుగెత్తుతుంది. అప్పుడు మెకానిక్ నోట వచ్చే మాట రాయలసీమలో అందరికీ తెలిసిందే: "బోర్డు పోయిందక్కా, రిపేరు కంటే కొత్తది తీసుకునేదే మేలు." అతని తప్పేం లేదు. అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, విడి భాగం లేదు, సర్క్యూటు పటం లేదు.

వారంటీ కార్డును నిదానంగా చదివితే కంపెనీకి దేని మీద నమ్మకముందో తెలుస్తుంది. కంప్రెసరుకు పదేళ్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మొత్తం వస్తువుకు ఒక ఏడాది అని కింద చిన్నగా ఉంటుంది. సర్క్యూటు బోర్డు సాధారణంగా ఆ చిన్న అక్షరాల్లోకే వస్తుంది.

సున్నపు నేల, ఉప్పు నీళ్లు

సీమ నేల తన వంతు తానూ తీసుకుంటుంది. నంద్యాల చుట్టుపక్కల భూమి కింద సున్నపురాయి పొరలు పరుచుకుని ఉన్నాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వాటికి పెట్టిన పేర్లు కూడా ఇక్కడివే: నార్జి సున్నపురాయి, కోయిలకుంట్ల సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు ఈ చుట్టుపక్కలకు వచ్చింది అందుకే. వాన నీరు ఆ రాళ్ల సందుల్లోంచి దిగుతూ సున్నాన్ని కరిగించుకుంటుంది. ఊట నీటితో నిండే మహానంది గుడి కోనేట్లో అడుగున పడిన నాణెం పైకి కనబడుతుంది, అంత తేట. కానీ ఏ ఊటలో నీరైనా, ఎంత తేటగా ఉన్నా, తాను నడిచివచ్చిన రాళ్ల ఖనిజాలను కొంత కరిగించుకునే వస్తుంది. కరిగిన సున్నం కంటికి కనబడదు.

అది కనబడేది వేడి చేసినప్పుడు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది ఈ సున్నమే. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి, కరగని కాల్షియం కార్బనేట్‌గా పేరుకుంటుంది. గీజరులో, నీళ్లు కాచే రాడ్డు మీద జరిగేదీ ఇదే. ఆ పొర వేడిని నీళ్లలోకి వెళ్లనివ్వదు. కడ్డీ తన వేడిలో తానే ఉడికి, ఒకనాడు పగులుతుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో కాఠిన్యం 200 మిల్లీగ్రాములు మించకపోవడం మేలు, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు.

నిలవ గీజరు ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి వేలాడుతుంది. ట్యాంకు ఇనుము తుప్పు పట్టకుండా, తుప్పును తన మీదికి లాక్కుని కరిగిపోవడమే దాని పని. కప్లర్ లాగానే ఇదీ ముందు పోవడానికి పెట్టిన ముక్క. దీన్ని ఎప్పటికప్పుడు చూసి, కరిగిపోతే మార్చితే ట్యాంకు ఎన్నో ఏళ్లు మన్నుతుంది. మార్చకపోతే కడ్డీ అయిపోయాక తుప్పు ట్యాంకును పట్టుకుంటుంది. గీజరు కొన్న ఇళ్లలో ఎన్నింటికి ఆ కడ్డీ సంగతి తెలుసు? బిగించడానికి వచ్చిన మనిషి ఒక్క వాక్యం చెప్పి ఉంటే చాలు. రాడ్డు మీది సున్నం వదలడానికి అంగట్లో దొరికే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు చాలు. రాడ్డును కరెంటు నుంచి తీసి, చల్లారాక ఆ నీళ్లలో నానబెట్టాలి.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

ఫ్రాన్సు 2015లో వస్తువు వయసును ఉద్దేశపూర్వకంగా కుదించడాన్ని నేరం చేసింది. రెండేళ్ల జైలు, మూడు లక్షల యూరోల దాకా జరిమానా. అయితే ఉద్దేశాన్ని కోర్టులో రుజువు చేయడం కష్టం. అందుకే 2021 జనవరి నుంచి ఆ దేశం ఇంకో దారి పట్టింది. వస్తువును ఎంత తేలికగా బాగుచేయవచ్చో 10కి మార్కులు వేసి, ధర పక్కనే చూపించాలి. 2025లో టీవీలకు, వాషింగ్ మెషీన్లకు మన్నిక మార్కులు వచ్చాయి. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి ఫ్రిజ్ విడి భాగాలు కనీసం ఏడేళ్లు, వాషింగ్ మెషీన్‌వి పదేళ్లు అందుబాటులో ఉండాలి. వాటిని మామూలు పనిముట్లతో, యంత్రాన్ని పగలగొట్టకుండా మార్చే వీలుండాలి.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో బాగుచేసుకునే హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధి. ఆ ఏడాది డిసెంబరులో దానికోసం ఒక వెబ్‌సైటు తెరిచారు. బాగుచేసే వీలును కొలిచే సూచిక మీద వేసిన మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. అది ఫోన్లు, ఎలక్ట్రానిక్సుతో మొదలుపెట్టమంటోంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఫ్రిజ్ తలుపు మీద అంటించిన నక్షత్రాలు అది ఏడాదికి ఎంత కరెంటు తింటుందో చెబుతాయి గానీ, ఎన్నేళ్లు బతుకుతుందో, పోతే ఏ ముక్క దొరుకుతుందో చెప్పవు. కరెంటు లెక్క ముద్రించగలిగిన దేశం మన్నిక లెక్క కూడా ముద్రించగలదు. దాన్ని తప్పనిసరి చేయాలి. 25 డిగ్రీల గదికి ఒక అంకె, 40 డిగ్రీల గదికి ఇంకో అంకె ఉండాలి. సీమ ఇళ్లకు కావలసింది ఆ రెండోది.

ఇది ఇంటి ఖర్చుతో ఆగే సంగతి కాదు. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. సరైన పద్ధతిలో సేకరించి, తిరిగి వాడకంలోకి తెచ్చినట్టు లెక్కకు వచ్చింది అందులో నాలుగో వంతు కూడా లేదు. మిగిలిన దానిలో రాగి, అల్యూమినియం ఉన్నాయి, సీసం కూడా ఉంది.

చట్టం వచ్చేలోగా అంగట్లో ధర బేరమాడే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ముందు పోయేది ఏది? అది విడిగా దొరుకుతుందా, ఎన్నేళ్లు దొరుకుతుంది? మన ఊరి మెకానిక్ దీన్ని విప్పగలడా? ఆ జవాబును బిల్లు మీద రాయించుకోండి. మాట తప్పితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. అంతకన్నా ముందు ఫోనులో చెప్పుకోవాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.